సహజ స్థితిలో మిక్సీల భూషణం

మా మునిసిపాలిటీలో పనులు నత్తనడక నడుస్తాయని గిట్టనివాళ్లు అంటుంటారు. నేను ఆ ఆఫీసులోనే వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని కాబట్టి ఆ మాటని సాధికారంగా ఖండిస్తున్నాను. గౌరీపేట కల్వర్టు సంగతే తీసుకోండి. వానాకాలంలో మురుక్కాలవ పొంగి కల్వర్టు కూలింది. చలి మొదలయ్యేసరికి ఎస్టిమేటు వేశాం, టెండరు పిలిచాం, సిమెంటు పైపులు తెచ్చి గట్టు మీద దించేశాం. ఇంతకంటే వేగం కావాలంటే కల్వర్టు కూలకముందే కట్టాలి. మేస్త్రీ తలపాగా చుట్టుకున్నాడు. నేను కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే కాలవకి అవతల జీపు ఆగి, అందులోంచి పరిశోధన దిగింది.

"కొట్టకండి!" అని ఒక కేక వినిపించింది.

కేక వేసినాయన డాక్టర్ వాచస్పతిరావు గారు, సమగ్ర సమస్యా పరిశోధన సంస్థకి డైరెక్టరు. ఆయన వెనక మా కమిషనర్ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా కమిషనర్ గారు చేతులు కట్టుకున్నారంటే ఎదుటి మనిషి రాజధాని నుంచి వచ్చాడని అర్థం. కాలవ మీద జనం నడవడానికి అడ్డంగా పడేసిన తాటి దుంగల మీంచి, మనుషులు చెరో పక్కా పట్టుకోగా, డైరెక్టరు గారు మా గట్టుకి చేరారు.

"ఈ సమస్యని మా సంస్థ కేసుగా స్వీకరించింది" అన్నారు.

"చాలా సంతోషం సార్. ఈ వారంలో తీరిపోతుంది" అన్నాను.

"అదే జరక్కూడదు." ఆయన జాలిగా నవ్వారు. "వెయ్యి మందిని తలా ఒక ప్రశ్న అడిగితే అది సర్వే. ఒక్కణ్ణే వెయ్యి ప్రశ్నలు అడిగితే అది కేస్ స్టడీ. ఒక్క మనిషిని, ఒక్క సమస్యని, అది పుట్టిన చోటే, సహజ స్థితిలో, సమగ్రంగా, లోతుగా, బహుముఖంగా పరిశీలిస్తాం. మీరు సమస్యని తీర్చేస్తే ఇక నేను పరిశీలించేది దేన్ని?"

నేను చెయ్యి దించేశాను. కొబ్బరికాయని మేస్త్రీ ఇంటికి పట్టుకుపోయాడు, వాళ్లావిడ పచ్చడి చేసిందట.

కేసుగా ఎంపికైన మనిషి నాగభూషణం. ఊరంతా మిక్సీల భూషణం అంటారు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతాడు. కాలవకి అవతల, మెయిన్ రోడ్డు పక్కన ఆయన రిపేరు కొట్టు. మిక్సీలు, ఫ్యానులు, తడి గ్రైండర్లు బాగుచేస్తాడు. గౌరీపేటకి వేరే దారి లేదు. కల్వర్టు కూలిన రోజు నుంచీ దుంగల మీద బండి వెళ్లదు, ఆయన కొట్టుకి వెళ్లడు. మోటారు చుట్టే మిషనంతా కొట్టులోనే ఉండిపోయింది. పోనీ మిక్సీలే ఇంటికి వస్తాయా అంటే, జారును చంకన పెట్టుకుని తాటి దుంగ మీద నడిచే ధైర్యం మా ఊరి ఇల్లాళ్లకి లేదు. ఒకసారి బావమరిది వీపు మీద ఎక్కించుకుని దాటించాడు. దాటాక భూషణం అన్నది ఒకటే మాట: "ఇదే ఆకర్రా. రోజుకి రెండు సార్లు బత్తాలా మొయ్యించుకుని బతకలేన్రా నేను."

వాకిట్లో కూచుంటే కొట్టు షట్టరు కనిపిస్తుంది. దాన్నే చూస్తూ కూచునేవాడు. కొట్టు ఓనరు మంచివాడే. వచ్చే దసరా దాకా ఆగుతాననీ, అప్పటికీ షట్టరు లేవకపోతే సెల్‌ఫోనుల వాళ్లకి ఇచ్చేస్తాననీ చెప్పాడు. అంచేత భూషణం కోరిక చాలా చిన్నది. దసరా లోపల, తన బండి మీద, తన కొట్టుకి వెళ్లాలి. వెళ్లినవాడు సాయంత్రం ఇంటికి రావాలి.

పరిశోధన మొదటి మెట్టు హద్దులు. హద్దు లేనిది కేసే కాదట. భూషణం ఇంటి చుట్టూ, కాలవ గట్టు దాకా, బ్లీచింగు పౌడరుతో గీత గీశారు. భూషణం భార్య అనంతలక్ష్మి బట్టలారేసుకునే తాడు సగం లోపలా సగం బయటా పడింది. లోపలి సగం మీద ఆరే బట్టల్ని మాత్రమే పరిగణిస్తామని ఆవిడకి నచ్చజెప్పారు.

"మరి నా కొట్టండీ?" అన్నాడు భూషణం.

"అది కాలవకి అవతల ఉంది. కేసు హద్దుకి బయట" అన్నారు డైరెక్టరు గారు.

"నా బాదంతా ఆ కొట్టేనండి బాబూ. ఈ మురుక్కాలవతో నాకేం పనండీ?"

"మీ బాధ వేరే అధ్యయనం పరిధిలోకి వస్తుంది. ప్రస్తుతం మేం మీ అసౌకర్యం వరకే చూస్తున్నాం."

రెండో మెట్టు గోప్యత. కేసు ఎవరో లోకానికి తెలియకూడదు కాబట్టి ఆయన పేరు మార్చి 'శ్రీ క' అన్నారు. మా కమిషనర్ గారు ఏ పనీ సగంలో వదలరు. వెంటనే సర్క్యులర్ తీశారు: 'గౌరీపేట నివాసి, మిక్సీల మెకానిక్ నాగభూషణమును ఇకపై శ్రీ క అని మాత్రమే పిలువవలెను. శ్రీ క యే నాగభూషణమని ఎవ్వరికీ తెలియనీయరాదు.' దాన్ని భూషణం ఇంటి గోడకే, అందరికీ కనిపించేలా, నేనే దగ్గరుండి అంటించాను.

తర్వాత ప్రశ్నలు. ఏ సంగతినైనా మూడు వైపుల నుంచి రూఢి చేసుకోవాలన్నది పరిశోధకుల నియమం. మీరు కాలవ దాటగలరా అని భూషణాన్ని అడిగారు. లేదన్నాడు. మీ ఆయన దాటగలరా అని అనంతలక్ష్మిని అడిగారు. లేదంది. తర్వాత కుర్చీలు వేసుకుని గట్టు మీద కూచుని చూశారు. ఆయన దాటలేదు. మూడూ సరిపోయినందుకు డైరెక్టరు గారు అందరితో కరచాలనం చేశారు. మర్నాడు పరిస్థితి ఏమైనా మారిందేమోనని మళ్లీ మొదటి నుంచీ అడిగారు.

అలా చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. రాత్రి కాలవ గురించి కలలొస్తాయా అని అడిగారు. చిన్నప్పుడు నాన్నగారితో మీ సంబంధం ఎలా ఉండేదని అడిగారు. అన్నం తింటున్నప్పుడు ఎదురుగా కూచుని ఏ ముద్ద ఎంతసేపు నమిలాడో రాసుకున్నారు.

"మా ఆయన్ని నేను కూడా ఇంత ఇదిగా ఎప్పుడూ చూళ్లేదండి" అంది అనంతలక్ష్మి నాతో. "కలవరిత్తాడేమోనని కిటికీ కాడ కాసుక్కూచుంటన్నారు. ఆ పిల్ల ఒక్కతే కాత్త మనిసి."

ఆ పిల్ల పేరు మృణాళిని. డైరెక్టరు గారి దగ్గర సహాయ పరిశోధకురాలు. ఒక మధ్యాహ్నం హఠాత్తుగా వాన కురిస్తే, వాకిట్లో తడుస్తున్న భూషణానికి తన గొడుగు పట్టింది. దాని మీద విచారణ జరిగింది. తడిసే కేసుని తడవనివ్వకపోవడం జోక్యం కిందికి వస్తుందనీ, దానివల్ల ఆ పూట డేటా మొత్తం కలుషితమైందనీ తేల్చి, ఆమె చేత క్షమాపణ పత్రం రాయించుకున్నారు. అప్పుడే కమిషనర్ గారి సంతకంతో ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. 'అధ్యయనం ముగియు వరకు కేసును ఎవ్వరూ ఏ విధముగానూ ముట్టరాదు, కదపరాదు, దాని స్థితిని మార్చరాదు.' అమలు బాధ్యత వర్క్ ఇన్‌స్పెక్టరుది, అంటే నాది.

ఇంతలో ఒక పరిశోధకుడు దుంగ మీద కాలు జారి కాలవలో పడ్డాడు. మురుగే కాబట్టి ప్రాణాపాయం లేదు, పరువు మాత్రం పోయింది. మర్నాటికల్లా కమిషనర్ గారి గదిలో అత్యవసర సమావేశం. పరిశోధకుల కోసం ఇనప వంతెన వేయాలని తీర్మానం.

"వేస్తే కేసు కూడా దాటేస్తుంది కదా సార్?" అన్నాను ఆశగా.

"అందుకే ఇన్‌స్పెక్టర్, మెట్లు పెట్టి, బండి పట్టనంత ఇరుకుగా వేయండి" అన్నారు డైరెక్టరు గారు.

బండి పట్టకూడదంటే ముందు బండి కొలవాలి. టేపు పట్టుకుని వెళ్లాను. ఎందుకో చెప్పాను. భూషణం టేపు రెండో కొస తనే పట్టుకుని, "ఇరుసు కాణ్ణించి కొలవండి, అక్కడే ఎడల్పు ఎక్కువ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికెళ్లి మా ఆవిడ మీద అరిచాను.

వంతెన బ్రహ్మాండంగా కుదిరింది. 'పరిశోధకులకు మాత్రమే' అని బోర్డు కూడా పెట్టాం.

వేసవి చివర్లో డైరెక్టరు గారికి పోలిక అవసరం అనిపించింది. ఒక కేసుని ఇంకో కేసు పక్కన పెట్టి చూస్తే గానీ అసలు రంగు తేలదట. ఊరికి ఆ కొసన, వేరే కాలవ మీదున్న కుమ్మరి వీధి కల్వర్టు శుభ్రంగా ఉంది గానీ, అక్కడ మూడు చక్రాల బండి మనిషి లేడు. డైరెక్టరు గారు ఆ లోటు కూడా పూడ్చారు. మా ఆఫీసు అటెండరు పుల్లయ్యని కొత్త బండి ఎక్కించి, రోజూ పొద్దున్నా సాయంత్రం కుమ్మరి వీధి కల్వర్టు మీద తిప్పారు. పుల్లయ్య రెండు కాళ్లూ నిక్షేపంగా ఉన్నవాడు. ఆ బండి మీద కాలు మీద కాలు వేసుకుని, ఆఫీసులో ఎవరికీ దొరక్కుండా, వానలొచ్చేదాకా హాయిగా తిరిగాడు.

నెల తిరక్కుండా ప్రాథమిక ఫలితాలు ప్రకటించారు. గౌరీపేటలో బండి దాటలేకపోతోంది, కుమ్మరి వీధిలో దాటగలుగుతోంది. ఇది ఎంతో ఆసక్తికరమైన ధోరణి, కారణం మాత్రం ఇంకా తెలియరాలేదు.

"సార్, కారణం కల్వర్టేమో" అన్నాను.

"తొందరపాటు!" అన్నారు డైరెక్టరు గారు. "పుల్లయ్య మనోధైర్యం కావచ్చు. అతని కుటుంబ నేపథ్యం కావచ్చు. లోతుకి వెళ్లాలి."

మళ్లీ వానలొచ్చాయి. గట్టు మీద పైపుల్లో కుక్క పిల్లల్ని పెట్టింది. దసరా దగ్గరపడింది. ఒకరోజు కొట్టు ఓనరు దుంగల మీంచి వచ్చి, చెప్పలేక చెప్పలేక, పండగ వెళ్లిన మర్నాడు సెల్‌ఫోనుల వాళ్లు సామాను దించుతున్నారని చెప్పాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భూషణం తిరిగి ఆయన్నే ఓదార్చి పంపాడు. ఆ సాయంత్రమే డైరెక్టరు గారి ముందు చేతులు జోడించాడు.

"బాబూ, తవఁరి సదువుని కాత్త ఆపండి. పండగలోపు కల్వర్టు ఏసేత్తారు, నేను కొట్టుకి ఎల్లిపోతాను. తరవాత ఎన్ని అడుగుతారో అడగండి, కొట్లో కూచునే సెబుతాను."

"కొత్త సంగతులు రావడం ఆగేదాకా అధ్యయనం ఆగదయ్యా. మీరు ఈ మాట అనడమే ఒక కొత్త సంగతి."

"అయితే నేను మాటాడ్డం మానేత్తాను."

"మౌనం చాలా విలువైన డేటా" అన్నారు డైరెక్టరు గారు, రాసుకోమని మృణాళినికి సైగ చేస్తూ. ఆ పిల్ల తల దించుకుంది గానీ రాయలేదు.

దసరాకి ముందు రోజు మొదటి దశ ముగింపు సభ పెట్టారు. క్షేత్రంలోనే జరగాలని డైరెక్టరు గారి పట్టుదల. భూషణం వాకిట్లో షామియానా వేయించారు. రాజధాని నుంచి కార్యదర్శి గారే స్వయంగా వస్తున్నారు. కార్యదర్శి గారు దుంగ మీద నడవరు. మెట్లెక్కితే ఆయనకి మోకాళ్ల నొప్పి. కారు దిగకుండా షామియానా దాకా రావాలి. ఏడాదిగా కట్టరాని చోట ఏం చేయాలా అని నేను తల పట్టుకోబోతుంటే రోడ్ల శాఖ లారీ వచ్చింది. రెండు పొడవాటి ఇనప పలకలు క్రేనుతో కాలవకి అడ్డంగా పరిచారు. టిఫినుకి మొదలుపెట్టిన పని పదకొండింటి టీ వేళకి అయిపోయింది. కార్లు వరసగా దాటొచ్చి షామియానా వెనకాల ఆగాయి.

భూషణం ఆ పలకల వంకే చూస్తున్నాడు. బండి వాటి దగ్గరికి పోకుండా ఎర్ర రిబ్బను కట్టించారు. డైరెక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు గానీ, ఆయన గొంతు భూషణం దాకా వినిపించింది.

"సభ కాగానే పలకలు తీయించేయండి. కేసు సహజ స్థితికి రావాలి."

సభ గొప్పగా జరిగింది. 'శ్రీ క గారికి ఆత్మీయ సన్మానం' అని బ్యానరు కట్టారు. ముఖం ఫొటోల్లో పడకూడదని, గోప్యత కోసం, కళ్ల దాకా వచ్చేంత లావు దండ తెచ్చి వేశారు. మైకు కుర్రాడికి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. "మన మిక్సీల భూషణం గారికి ఒక్కసారి గట్టిగా చప్పట్లు!" అన్నాడు. డైరెక్టరు గారు చాలాసేపు దగ్గారు.

తర్వాత కార్యదర్శి గారు లేచారు. "ఈ అధ్యయనం దేశానికే దిక్సూచి. ఇంతటి సమగ్ర కృషి ఒక దశతో ఆగిపోరాదు. రెండో దశకి అనుమతి మంజూరు చేస్తున్నాను. రాబోయే మూడేళ్లూ ఈ కేసుని ఇదే స్థితిలో పరిరక్షించాల్సిందిగా పురపాలక సంఘాన్ని ఆదేశిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. అనంతలక్ష్మి చప్పట్లు కొట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను భూషణం వైపు చూడలేకపోయాను.

"శ్రీ క గారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు డైరెక్టరు గారు.

భూషణం దండ తీసి పక్కన పెట్టాడు. "సంతోసమండి. నాకు కొట్లో పనుంది, ఎల్లొత్తాను" అన్నాడు. బండి తిప్పాడు.

రిబ్బను కట్టిన చోటికి వచ్చేసరికి రిబ్బను లేదు. దాన్ని చుట్ట చుట్టి చేతిలో పట్టుకుని మృణాళిని నిలబడి ఉంది. భూషణం చక్రం తిప్పుకుంటూ పలకల మీదికి ఎక్కాడు, కాలవ నడిమధ్యకి వచ్చాడు, బ్రేకు వేసి ఆగిపోయాడు.

డైరెక్టరు గారు పరుగెత్తారు. "ఏమిటిది? ఎందుకు ఆగారు?"

"అవతలికి ఎల్తే మీరియ్యి తీసేత్తారు కదండీ. సాయంత్రం ఇంటికెలా రాను? ఇవతలే ఉంటే ఎల్లుండి కొట్టు పోద్ది. అంచేత ఇక్కడుంటానండి. నాకు రోజూ ఎల్లాలి, రోజూ రావాలి. అంతే."

ఈలోగా కార్యదర్శి గారు కారెక్కారు, డ్రైవరు హారను కొట్టాడు. పలకల మీద బండి ఉంది, కారు కదిలే దారి లేదు. కార్యదర్శి గారికి రాజధానిలో సాయంత్రం మీటింగు ఉందట. ఆయన కారు అద్దం దించి కమిషనర్ గారిని చూశారు. కమిషనర్ గారు నన్ను చూశారు.

"ఇన్‌స్పెక్టర్, ఆ బండిని తోసేయ్!"

నేను నా ఉద్యోగంలో ఎన్నడూ పై అధికారి మాట కాదనలేదు. ఆ రోజూ కాదనలేదు. వినయంగా చేతులు కట్టుకున్నాను.

"చిత్తం సార్. కాకపోతే అధ్యయనం ముగిసేదాకా కేసుని ఎవ్వరూ ముట్టరాదు, కదపరాదు అని తమ సంతకంతోనే ఉత్తర్వు ఉంది. అమలు బాధ్యత నాది. అధ్యయనం ఇంకో మూడేళ్లు పొడిగించినట్టు పెద్దలు ఇప్పుడే సెలవిచ్చారు."

కార్యదర్శి గారు డైరెక్టరు గారి వైపు తిరిగారు. "ఆ నిబంధన రద్దు చేయండి."

"చేయవచ్చు సార్, నైతిక విలువల కమిటీ ఆమోదించాలి. అది మూడు నెలలకోసారి కూచుంటుంది."

"మరి నేను ఎలా వెళ్లాలి?"

"పరిశోధకుల వంతెన ఉంది సార్" అన్నాను. "మెట్లున్నాయి."

కార్యదర్శి గారు ఆ మెట్లకేసి చూశారు. మోకాళ్లు తడుముకున్నారు. తర్వాత తాటి దుంగల్ని చూశారు, వాటి కింద మురుగుని చూశారు. ఎండ మండుతోంది. భూషణం సన్మానంలో కప్పిన శాలువా నెత్తిన వేసుకుని, కదలకుండా, అవతల షట్టరుని చూస్తూ కూచున్నాడు. చివరికి కార్యదర్శి గారు కారు దిగి, పలకల దాకా నడిచి వచ్చి, ఏడాదిలో ఎవరూ ఆ మనిషిని అడగని ప్రశ్న అడిగారు.

"నీకేం కావాలయ్యా?"

"కల్వర్టు కట్టేదాకా ఈ పలకలు ఇక్కడే ఉండాలండి. రాసియ్యండి."

కారు బానెట్ మీద పెట్టుకుని కార్యదర్శి గారు రాసి సంతకం చేశారు. "సార్, కేసు పోతుంది!" అని డైరెక్టరు గారు గోలపెట్టారు. భూషణం కాయితం జేబులో పెట్టుకుని బ్రేకు తీశాడు. చేత్తో తిప్పే బండి కదా, అంత తొందరగా పోదు. వెనకాల కార్యదర్శి గారి కారు, దాని వెనకాల కమిషనర్ గారి జీపు, అన్నీ ఆ వేగంతోనే మెయిన్ రోడ్డు దాకా వెళ్లాయి. అనంతలక్ష్మి పక్కనే నడిచి వెళ్లి షట్టరు పట్టుకుంది. తుప్పు పట్టి లేవనంది. నేనూ, మృణాళినీ చెరో చెయ్యీ వేశాం. షట్టరు లేచింది. భూషణం లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన మోటారు మిషను మీద చెయ్యి వేసి, అప్పుడు ఏడ్చాడు. మాకూ ఆగలేదు.

సంక్షిప్త నివేదిక నిన్ననే మా ఆఫీసుకి వచ్చింది. అట్ట మీద ముఖం మసక చేసిన భూషణం బొమ్మ, కింద స్పష్టంగా 'మిక్సీ రిపేరు షాపు, గౌరీపేట' అన్న బోర్డు. ఒక్క కేసు నుంచి లోకానికంతటికీ వర్తించే సూత్రం తీయకూడదని మొదటి పేజీలో ఉంది. చివరి పేజీలో సూత్రం ఉంది: 'కల్వర్టు లేకుండానే శ్రీ క కాలువను దాటగలిగినారు. పట్టుదల గల పౌరులకు కల్వర్టులు అనవసరమని దీనివలన రుజువగుచున్నది.' దాంతో పాటే పై నుంచి ఉత్తర్వు కూడా వచ్చింది. జిల్లాలో కూలిన కల్వర్టుల పనులన్నీ ఆపేయాలి. ఆయా వీధుల వాళ్లలో పట్టుదల పెంచడానికి శిక్షణ తరగతులు పెట్టాలి. మొదటి తరగతి చెప్పడానికి భూషణాన్ని పిలవాలి, పిలిచే బాధ్యత నాది.

కొట్టుకి వెళ్లి ఆ ఆఖరి పేజీ చదివి వినిపించాను. భూషణం విప్పిన మిక్సీలోంచి తల పైకెత్తలేదు.

"తరగతికి వత్తానని సెప్పండి. వచ్చి ఒకటే మాట సెబుతాను" అన్నాడు. "నేను దాటింది పట్టుదల మీద కాదండి బాబూ, ఇనప పలక మీద."